గుర్తింపు పొందిన దేశం, గుర్తింపు లేని జనం

పాకిస్తాన్ 1973 రాజ్యాంగపు మొట్టమొదటి అధికరణంలో ఒక విచిత్రమైన నిబంధన ఉండేది. తూర్పు పాకిస్తాన్ రాష్ట్రంలో విదేశీ దురాక్రమణ, దాని పర్యవసానాలు తొలగిపోయిన నాడు, ఆ రాష్ట్ర ప్రజలు సమాఖ్య వ్యవహారాల్లో పాలుపంచుకునేందుకు వీలుగా రాజ్యాంగాన్ని సవరించుకుంటామన్నది దాని సారాంశం. జాతీయ అసెంబ్లీ ఆ రాజ్యాంగాన్ని ఆమోదించింది 1973 ఏప్రిల్ 10న. అప్పటికి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో లొంగిపోయి పదహారు నెలలు కావస్తోంది. బంగ్లాదేశ్ తన రాజ్యాంగాన్ని తాను రాసుకుంది. ఆ మార్చిలోనే తొలి సార్వత్రిక ఎన్నికలు జరుపుకుంది. ప్రపంచంలోని అనేక దేశాలు దానిని గుర్తించాయి. ఇస్లామాబాద్ కాగితాల్లో మాత్రం అది ఇంకా ఒక రాష్ట్రమే, తాత్కాలికంగా చేజారిన రాష్ట్రం.

మరుసటి ఏడాది మే నెలలో మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా ఆ నిబంధనను తొలగించారు. 1971 డిసెంబర్ నుంచి అప్పటిదాకా ఆ దేశంలో ఒక వాదం నడిచింది. బంగ్లాదేశ్ మంజూరా, నామంజూరా? సభల్లో, మసీదుల్లో, విశ్వవిద్యాలయాల్లో, చివరికి సుప్రీంకోర్టులో సైతం నడిచిన వాదం అది. అర్ధ శతాబ్దం గడిచాక దాన్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నారని పాఠకులు అడగవచ్చు. ఆ వాదంలో ఎవరి మాటా వినబడకుండా పోయిన లక్షలాది మంది, వారి పిల్లలు, మనవలు ఇంకా ఢాకా శిబిరాల్లోనే ఉన్నారు కనుక. పౌరసత్వమనే మాట వింటేనే ఇంట్లో పాత కాగితాల పెట్టె వెతుక్కునే స్థితికి మనమూ వచ్చాము కనుక.

ముందుగా ఆ వాదం తీరు చూద్దాం. 1971 డిసెంబర్ 20న జుల్ఫికార్ అలీ భుట్టో అధికారం చేపట్టేనాటికి సగానికి మించిన జనాభా గల భాగం దేశం నుంచి విడిపోయింది. మైనారిటీ విడిపోయిన దేశాలు చరిత్రలో చాలా ఉన్నాయి. మెజారిటీయే మైనారిటీ నుంచి విడిపోవలసి వచ్చిన దేశం మరొకటి ఉందేమో మాకు తెలియదు. 1970 ఎన్నికల్లో తూర్పు భాగపు 162 సాధారణ స్థానాల్లో 160 గెలిచి, మొత్తం అసెంబ్లీలోనే మెజారిటీ సాధించిన పార్టీకి అధికారం అప్పగించి ఉంటే ఈ గుర్తింపు ప్రశ్నే తలెత్తేది కాదు. అప్పగించలేదు. 1971 మార్చి 25 రాత్రి సైన్యాన్ని దించారు. తరువాతి తొమ్మిది నెలల్లో జరిగిన హత్యలు, స్త్రీలపై అత్యాచారాలు, ప్రాణాలరచేత పట్టుకుని భారతదేశానికి చేరిన దాదాపు కోటి మంది శరణార్థులు, ఇవన్నీ లోకానికి తెలిసినవే. చంపినవారి నోట కలిమా ఉంది, చనిపోయినవారిలో అత్యధికుల నోటా కలిమా ఉంది. హిందువులనైతే హిందువులైనందుకే వెతికి చంపారు. ఈ మాట సూటిగా చెప్పకుండా మేము ఈ వ్యాసంలో ముందుకు సాగితే అది అన్యాయం.

ఓడిన రాజ్యం మొదట చేసిన పని కోపగించుకోవడం. బంగ్లాదేశ్‌ను గుర్తించిన చిన్నాచితకా దేశాలతో దౌత్య సంబంధాలు తెంచుకుంది. బ్రిటన్ తదితర దేశాలు గుర్తింపునకు సిద్ధమవుతున్నాయని తెలిసి 1972 జనవరి 30న కామన్‌వెల్త్ నుంచే బయటకు వచ్చింది. అయితే సోవియట్ యూనియన్, ఆ తరువాత అమెరికా గుర్తించినప్పుడు ఆ కోపం ఏమైందో ఎవరూ అడగలేదు. బలవంతుడిపై అలగడం ఎవరికైనా కష్టమే. అక్కడి నుంచి గుర్తింపు నిరాకరణ కోపం స్థాయి దాటి బేరం స్థాయికి వచ్చింది. భారత్ చేతిలో సుమారు 93 వేల మంది యుద్ధఖైదీలు, పౌర నిర్బంధితులు ఉన్నారు. వారిలో 195 మందిని యుద్ధ నేరాల కింద విచారిస్తామని ఢాకా ప్రకటించింది. ఢాకాకు ఐక్యరాజ్య సమితిలో స్థానం కావాలి. 1972 ఆగస్టులో చైనా తన తొలి వీటోను ఆ స్థానానికి అడ్డంగా వేసింది. ఖైదీలు వస్తే గుర్తింపు, విచారణ మానుకుంటే గుర్తింపు అన్నది భుట్టో లెక్క.

దేశం లోపల వాదన వేరే విధంగా సాగింది. జమాఅతె ఇస్లామీ, దాని విద్యార్థి విభాగం, మరికొన్ని పక్షాలు 'బంగ్లాదేశ్ నామంజూర్' నినాదంతో వీధుల్లోకి వచ్చాయి. వారి వాదనను వెక్కిరించడం తేలిక. అర్థం చేసుకోవడమే న్యాయం. ఇస్లాం పేరిట ఏర్పడిన దేశం భాష పేరిట చీలిపోతే, ఆ దేశం పుట్టుకకే అర్థం లేకుండా పోతుందని వారి మొదటి మాట. పరాయి సైన్యం బలప్రయోగంతో తెచ్చిన ఫలితానికి ముద్ర వేయరాదని రెండవ మాట. పాకిస్తాన్ జెండా పట్టుకుని నిలబడిన తూర్పు ప్రాంతపు ప్రజలను గాలికి వదలరాదని మూడవ మాట. మొదటి దానికి తూర్పు ప్రజల ఓటు ఎన్నడో జవాబిచ్చింది. రెండవది, పరాయి సైన్యం రాకముందు స్వంత సైన్యం చేసినదాన్ని మరచిన మాట. మూడవది మాత్రం నిజమైన ప్రశ్న. విచారమేమంటే, నినాదంలో వినిపించిన ఆ ప్రశ్న ఒప్పందాల్లో ఒక చిన్న పేరాగా మిగిలింది.

గుర్తించాలన్నవారిలో వలీ ఖాన్ నాయకత్వంలోని నేషనల్ అవామీ పార్టీ ఉంది. జరిగిపోయిన దాన్ని జరగలేదనడం వల్ల పోయిన భూమి తిరిగి రాదని, ఖైదీల కుటుంబాలు మాత్రం ఇంకా ఏడుస్తుంటాయని అటువైపు వాదించారు. భుట్టో రెండు వైపులా చూశాడు. జనం కోపం తన మీద పడకూడదు, పని జరగాలి. అందుకే ముందు సుప్రీంకోర్టు అభిప్రాయం కోరాడు. అసెంబ్లీ అటువంటి తీర్మానం చేయడానికి రాజ్యాంగపరమైన అడ్డంకి లేదని కోర్టు చెప్పింది. 1973 జూలైలో, తగిన సమయంలో గుర్తింపునిచ్చే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెడుతూ జాతీయ అసెంబ్లీ తీర్మానించింది. ఆ తగిన సమయం ఎప్పుడన్నది భుట్టో జేబులో ఉండిపోయింది.

దాన్ని జేబులోంచి తీయించింది ఇస్లామీ సోదరభావం. 1974 ఫిబ్రవరిలో లాహోర్‌లో ఇస్లామిక్ దేశాల శిఖరాగ్ర సభ. గుర్తింపు లేనిదే రానని షేక్ ముజీబుర్ రహమాన్ పట్టుబట్టాడు. ముస్లిం దేశాల విదేశాంగ మంత్రుల బృందం ఢాకాకు విమానంలో వెళ్ళింది. ఫిబ్రవరి 22న భుట్టో గుర్తింపు ప్రకటించాడు. మరునాడే ముజీబ్ లాహోర్‌లో దిగాడు. షా ఫైసల్, సాదాత్, గద్దాఫీ, అరాఫత్ వంటి అతిథుల సమక్షంలో నామంజూర్ నినాదం ఎత్తగల గొంతు అప్పుడెవరికుంది? ఆ సభలో గౌరవ స్థానంలో కూర్చున్న సౌదీ అరేబియా మాత్రం బంగ్లాదేశ్‌ను 1975 ఆగస్టులో, ముజీబ్ హత్య జరిగిన మరునాడు గాని గుర్తించలేదు. ఉమ్మత్ ఐక్యత గురించి ప్రసంగించే వక్తలు ఈ చిన్న సంగతిని దాటవేస్తుంటారు.

ఇక మేము చెప్పదలచిన అసలు సంగతికి వస్తాము.

ఈ బేరంలో మూడు రాజధానుల చేతుల్లో మూడు గుంపుల మనుషులున్నారు. ఢిల్లీ చేతిలో యుద్ధఖైదీలు. ఇస్లామాబాద్ చేతిలో పశ్చిమ ప్రాంతంలో చిక్కుబడిన బెంగాలీలు. వీరు ఉద్యోగాలు పోగొట్టుకున్న అధికారులు, ఆయుధాలు లాగేసుకున్న సైనికులు, నిర్బంధ శిబిరాల్లో పెట్టబడిన కుటుంబాలు. ఢాకా చేతిలో ఉర్దూ మాట్లాడే ముస్లింలు. బిహారీలని పిలవబడిన వీరిలో చాలామంది 1946 బిహార్ అల్లర్ల నుంచి, 1947 విభజన నుంచి తప్పించుకుని వచ్చినవారు. సైద్‌పూర్ రైల్వే కర్మాగారంలో, చిట్టగాంగ్, ఖుల్నా మిల్లుల్లో, ఢాకా మీర్‌పూర్, ముహమ్మద్‌పూర్ కాలనీల్లో స్థిరపడ్డారు. ఒక ఇల్లు తగలబడితే పారిపోయి వచ్చినవారికి పాకిస్తానే ఇల్లు. ఉర్దూయే దాని తాళంచెవి అనుకున్నారు. చుట్టూ ఉన్న బెంగాలీ సోదరుల భాషా ఆవేదన 1952లోనే వారికి అర్థమై ఉండవలసింది. చాలామందికి కాలేదు.

1971లో వారిలో ఒక వర్గం సైన్యం పక్షాన నిలిచింది, హత్యల్లోనూ పాల్గొంది. సైన్యానికి తోడుగా అక్కడ ఏర్పాటు చేసిన సాయుధ దళానికి పెట్టిన పేరు రజాకార్. ఆ దళంలో బిహారీలూ ఉన్నారు, బెంగాలీలూ ఉన్నారు. తెలుగు నేలపై ఈ పేరు వినగానే ఏమి గుర్తుకొస్తుందో చెప్పనక్కరలేదు. ఆ తరువాత జరిగిందీ మనకు గుర్తుకు రావాలి. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య దరిమిలా, ఖాసిం రజ్వీ దళం చేసిన దుర్మార్గాలకు జవాబు చెప్పవలసి వచ్చింది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల పల్లెల్లోని సామాన్య ముస్లింలు. వారిలో రజాకారు ముఖం చూడనివారు ఎందరో. మొత్తం 27 వేల నుంచి 40 వేల మంది వరకు చనిపోయి ఉండవచ్చని పండిత్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. కొందరి నేరాన్ని భాషను బట్టి, గడ్డాన్ని బట్టి, పేరును బట్టి అందరికీ అంటగట్టడమంటే ఏమిటో హైదరాబాద్ రాజ్యంలో పుట్టిన మన పెద్దలకు పుస్తకం చదివి తెలియలేదు.

బిహారీలకు అదే జరిగింది. 1971 మార్చిలో, సైన్యం దిగకముందు, దిగాక కూడా, వారిపై దాడులు జరిగాయి. డిసెంబర్ 16 తరువాత మరింత తీవ్రంగా జరిగాయి. ఇళ్ళు, దుకాణాలు, కొలువులు పోయి శిబిరాల పాలయ్యారు. రెడ్‌క్రాస్ పేర్లు నమోదు చేసుకుంటే ఐదు లక్షలకు పైగా పాకిస్తాన్ వెళతామన్నారు. వెళతామనడంలో ఆశ్చర్యం ఏముంది? తాము పాకిస్తానీయులమే అనుకుంటున్నారు. వారికి ఆ పౌరసత్వం ఎవరూ దానం చేసింది కాదు, పుట్టుకతోనో వలసతోనో వచ్చిన హక్కు.

మూడు గుంపుల్లో ఖైదీలందరూ ఇళ్ళకు చేరారు. 195 మందిపై విచారణ సైతం 1974 ఏప్రిల్ 9 నాటి ఢిల్లీ త్రైపాక్షిక ఒప్పందంలో రద్దయింది. లక్షకు పైగా బెంగాలీలు బంగ్లాదేశ్ చేరారు. బిహారీల విషయంలో మాత్రం పాకిస్తాన్ వర్గాలు గీసింది. పశ్చిమ ప్రాంతపు స్థిరనివాసులు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, విడిపోయిన కుటుంబాలవారు, వీరు కాక దుర్భర స్థితిలోని 25 వేల మంది. ఈ వర్గాల్లోకి రానివారు ఎవరు? రిక్షా తొక్కేవాడు, మిల్లు కూలీ, పొట్టకూటికి బట్టలు కుట్టే విధవరాలు. పాకిస్తాన్ జిందాబాద్ అన్నందుకు దెబ్బలు తిన్నవారిలో బీదవారే ఎక్కువ. వర్గాల జాబితాలో వారికే చోటు లేదు. అన్నేళ్ళలో మొత్తం వెళ్ళగలిగినవారు రెండు లక్షలకు లోపే.

ఇందుకు కారణాన్ని కేవలం ద్రోహమని కొట్టిపారేయలేము. సింధ్‌లో 1972 జూలైలోనే సింధీ, ఉర్దూ భాషల మధ్య ఘర్షణలు జరిగి రక్తం చిందింది. విభజన నాడు వచ్చిన వలసలతో కరాచీ, హైదరాబాద్ సింధ్ నగరాల్లో సింధీలు స్వంత గడ్డపై మైనారిటీ అయ్యారు. మరో లక్షల మంది ఉర్దూ మాట్లాడేవారు వస్తే తమ రాష్ట్రమంతా చేజారుతుందని వారు భయపడ్డారు. ఆ భయం కూడా ఒక మైనారిటీ భయమే, దాన్ని మనం చిన్నచూపు చూడరాదు. అయితే ఆ భయానికి మందు వెతకవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ప్రభుత్వం మందు వెతకలేదు, మనుషులను వదిలేసింది. 1978లో పౌరసత్వ చట్టానికి చేర్చిన 16-ఏ సెక్షన్ చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. 1971 డిసెంబర్ 16న పూర్వపు తూర్పు పాకిస్తాన్‌లో నివసిస్తూ, ఆ తరువాత కూడా 'స్వచ్ఛందంగా గాని, మరో విధంగా గాని' అక్కడే ఉన్నవారు పాకిస్తాన్ పౌరులు కారట. మరో విధంగా! కంచె వెనుక ఉన్నవాడు కంచె దాటి రాలేదు కనుక పౌరుడు కాడు. ఒక్క ముక్కలో లక్షల మంది దేశంలేనివారయ్యారు.

ఆ తరువాత కథ వాగ్దానాల కథ. 1988లో జనరల్ జియా ప్రభుత్వం, రాబితా అనబడే ప్రపంచ ముస్లిం లీగ్ కలిసి పునరావాసానికి ట్రస్టు పెట్టాయి. 1993లో కొన్ని వందల మందిని పంజాబ్‌కు చేర్చారు. అంతటితో ఆగిపోయింది. కరాచీలో ఒక పార్టీ ఓట్ల కోసం వారిని రప్పించాలంటుంది, మరో పార్టీ ఓట్ల కోసం వద్దంటుంది. ముహమ్మద్‌పూర్ జెనీవా క్యాంపులో మాత్రం ఒకే గదిలో మూడు తరాలు కాలం వెళ్ళదీశాయి.

తలుపు తెరిచింది ఎవరో తెలుసా? ఏ ముస్లిం దేశాధినేతా కాదు, ఏ శిఖరాగ్ర సభా కాదు. ఢాకా హైకోర్టు. శిబిరాల్లో పుట్టిపెరిగిన యువకులే పిటిషన్లు వేశారు. మేము ఎక్కడికీ వెళ్ళము, ఇక్కడే పుట్టాము, మా పేర్లు ఓటర్ల జాబితాలో రాయండి అన్నారు. 2003లో పదిమందికి అనుకూలంగా తీర్పు వచ్చింది. 2008 మేలో, విమోచన నాటికి మైనర్లుగా ఉన్న, ఆ తరువాత పుట్టిన ఉర్దూభాషీయులందరూ బంగ్లాదేశ్ పౌరులేనని, వారిని ఓటర్లుగా నమోదు చేయాలని కోర్టు ఆదేశించింది. తాతలు పాకిస్తాన్ కోసం ఎదురుచూసి కన్నుమూశారు. మనవలు ఎదురుచూపు మాని కోర్టు మెట్లెక్కారు. ఓటు వచ్చింది. అయితే చిరునామాలో క్యాంపు పేరు చూసి పాస్‌పోర్టు ఇవ్వని అధికారి, ఉద్యోగం ఇవ్వని యజమాని ఇంకా ఉన్నారు.

నాణేనికి రెండో వైపు కరాచీలో ఉంది. మచ్ఛర్ కాలనీ వంటి మురికివాడల్లో బెంగాలీ మాట్లాడే కుటుంబాలు తరాలుగా చేపలు, రొయ్యలు ఒలిచి బతుకుతున్నాయి. అక్కడే పుట్టిన పిల్లలకు సైతం జాతీయ గుర్తింపు కార్డు దొరకదు. 2018 సెప్టెంబర్‌లో ప్రధాని ఇమ్రాన్ ఖాన్ వారికి పౌరసత్వం ఇస్తామన్నాడు. మిత్రపక్షాలే అడ్డుతగిలాయి, మాట మరుగున పడింది. అంటే ఢాకాలో ఉర్దూ మాట్లాడినవాడు అనుమానితుడు, కరాచీలో బెంగాలీ మాట్లాడినవాడు అనుమానితుడు. ఇద్దరూ ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేస్తారు.

'పాకిస్తాన్ పోండి' అనే మాట ఈ దేశంలో మనకు కొత్త కాదు. బడిలో పిల్లలు విన్నారు, ఎన్నికల వేదికలపై పెద్దలు విన్నారు. ఆ మాట అనేవారికి మేము జెనీవా క్యాంపును చూపిస్తాము. తన జెండా కోసం సర్వస్వం పోగొట్టుకున్నవారినే రానివ్వని దేశం అది. ఇక మనకు దానితో ఏమి పని? మన పెద్దలు ఇక్కడ ఉండిపోయింది మరో దారి లేక కాదు, ఈ నేల తమది కనుక. అలాగే 2019 పౌరసత్వ సవరణ చట్టాన్ని మనం ఎదిరించినప్పుడు, ముస్లిం దేశాల్లో ముస్లింలకు పీడన ఎక్కడిదని అధికార పక్షం అడిగింది. జవాబు ఢాకాలో ఉంది, కరాచీలో ఉంది. పీడనకు మతం ఒక్కటే కారణం కాదు. భాష చాలు, తప్పు వైపున పుట్టడం చాలు.

ఇక్కడ మమ్మల్ని మేమే నిలదీసుకోవలసిన మాట ఒకటుంది. ఫలస్తీన్ కోసం, బోస్నియా కోసం, రోహింగ్యాల కోసం మన మసీదుల్లో దువాలు చేశాము, చందాలు పోగు చేశాము, ఊరేగింపులు తీశాము. చేయవలసిందే. మరి ఢాకా శిబిరాల కోసం ఎన్ని శుక్రవారాల ఖుత్బాల్లో ఒక్క వాక్యమైనా విన్నాము? అక్కడ పీడించినవాడూ ముస్లిమే, వదిలేసినవాడూ ముస్లిమే కనుక నోరు పెగల్లేదు. 1971లో బెంగాలీల ఊచకోత జరిగినప్పుడు కూడా మనలో చాలామంది నోరు పెగల్లేదని అప్పుడు మనపై వచ్చిన విమర్శలో కొంత నిజముంది. మైనారిటీ హక్కుల గురించి మాట్లాడే పత్రికకు హక్కు కోల్పోయినవాడి పేరు ముఖ్యం కావాలి గాని, లాక్కున్నవాడి పేరు కాదు.

2025 ఏప్రిల్‌లో, పదిహేనేళ్ళ విరామం తరువాత, బంగ్లాదేశ్, పాకిస్తాన్ విదేశాంగ కార్యదర్శులు ఢాకాలో సమావేశమయ్యారు. రెండు దేశాలూ దగ్గరవుతున్నాయి, మంచిదే. ఆ బల్లపై పాత ఫైలు మళ్ళీ తెరిచారు. 1971 అకృత్యాలకు క్షమాపణ చెప్పాలని, ఉమ్మడి ఆస్తుల్లో వాటా ఇవ్వాలని బంగ్లాదేశ్ కోరింది. రెండూ న్యాయమైన కోరికలే. వాటితో పాటు మరొకటి కూడా కోరింది, 'చిక్కుబడిపోయిన పాకిస్తానీయులను' తీసుకుపొమ్మని. 2008లో తన హైకోర్టే పౌరులని తేల్చిన మనుషుల శిబిరాల గురించే ఆ మాట. ఆ గదుల్లో పుట్టి, ఢాకా బడుల్లో బెంగాలీ చదివి, అక్కడి ఎన్నికల్లో ఓటు వేసే పిల్లలను ఆ ఫైలులో ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నారు.